కూతురు ఏరిన రాయి

రాళ్లన్నీ ఒకటే అనేవాళ్లతో వాదించడం మానేసి చాలా ఏళ్లయింది. ఓడిపోయి కాదు, వాళ్ల గడ్డాలు చూసి జాలేసి మానేశాను.

మాది నూజివీడులో మంగలి ఇల్లు. ఈ మాట ఎక్కడైనా ఇలాగే చెబుతాను. మా కాలేజీ స్టాఫ్ రూంలో ఒక పెద్దమనిషి, అంత విడమరిచి చెప్పుకోవాలాండీ అని నా తరఫున తానే నొచ్చుకున్నాడు. ఆయన మాత్రం తాతల నాటి అగ్రహారం సంగతి ఎత్తకుండా కాఫీ ముట్టడు. వాళ్లకి అగ్రహారం ఉండేదట. మాకు రాయి ఉంది. అగ్రహారం ఎప్పుడో పోయింది, రాయి ఇంకా పనిచేస్తోంది.

మా ఇళ్లల్లో కత్తి మగవాళ్లది, రాయి ఆడవాళ్లది. నూరేది మగవాడే. కానీ ఆ నూరే సానరాయిని ఏరి తెచ్చేది ఆడమనిషి. కోడలు కాపురానికి వచ్చేటప్పుడు బట్టల పెట్టెతో పాటు పాత పంచెముక్కలో చుట్టిన రాయి ఒకటి తెచ్చుకుంటుంది. అది కొన్నది అయ్యుండకూడదు. పుట్టింటి చుట్టుపక్కల వాగులోనో గట్టులోనో తన చేత్తో ఏరుకున్నదై ఉండాలి. ఇది ఆడవాళ్ల పని ఎందుకయిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. పదును చాలక కత్తి గడ్డాన్ని లాగితే తిట్లు తినేది మొగుడైనా, తిట్లు తిని ఇంటికొచ్చినవాణ్ణి భరించేది పెళ్లాం కాబట్టి అనేది మా అమ్మ. మిగతా కారణాలన్నిటికంటే నాకు ఇదే నమ్మకంగా ఉంది.

కొడవలికి ఇంటి ముందున్న ఏ బండైనా సరిపోతుంది. కత్తిపీటకి ఇసకరాయి చాలు. మంగలికత్తి సంగతి వేరు. దాని వాదర, అదే పదునంచు, కంటికి కనిపించనంత సన్నం. రాయిలో ఒక్క ఇసకరేణువు ముతకగా ఉన్నా ఆ వాదర మీద పన్నులాగా చిన్న గాటు పడుతుంది. ఆ గాటు మనకి కనిపించదు, గడ్డానికి తెలుస్తుంది. మరీ మెత్తని రాయైతే కత్తిని నిమిరి ఊరుకుంటుందే గాని పదును పుట్టించదు. ఈ రెంటికీ మధ్య రాయి కావాలి, ఆ మధ్య చాలా ఇరుకు.

అమ్మది చాట్రాయి అవతల తమ్మిలేటి వాగు ఒడ్డున ఒక పల్లె. ఆవిడ తెచ్చుకున్న రాయి నానిన పెసరపొట్టు రంగులో, జానెడు పొడుగున ఉండేది. నాన్న రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, దాని మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి కత్తి నూరుకుని, తోలుపట్టీ మీద సాపు చేసుకుని, కత్తుల పొది చంకన పెట్టుకుని బయల్దేరేవాడు. మా అన్నలూ నేనూ ఆ చప్పుడుకే నిద్ర లేచేవాళ్లం. ఎత్తుపల్లాలు రాకుండా ఆ రాయిని అప్పుడప్పుడూ బండ మీద రుద్ది చదును చేస్తూ వచ్చాడేమో, అరిగి అరిగి అది బిస్కెట్టు మందాన మిగిలింది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, నేను బెజవాడలో హాస్టల్లో ఉండి బి.ఏ. చదువుతున్నప్పుడు, ఆ రాయి మోసం చేసింది. మోసం అనకూడదు. ఇన్నేళ్లూ పైన ఉన్న మంచి పొరంతా అరిగిపోయి, అడుగున దాక్కున్న తెల్లటి చార ఒకటి పైకి తేలింది. చూడ్డానికి రాలిన వెంట్రుకలా ఉంటుంది. గోరు పెట్టి లాగితే అక్కడ టక్కున ఆగుతుంది. కత్తి దాని మీద నుంచి వెళ్లిన ప్రతిసారీ వాదర దెబ్బతింటోంది.

ఆ సంగతి నాన్నకి తెలిసే లోపు మామిడికాయల షావుకారుగారి గడ్డానికి తెలిసింది. ఆ ఇంటికి మా తాత కాలం నుంచీ మేమే. పురుళ్లకి అమ్మ, క్షవరాలకి నాన్న. ఆ రోజు షావుకారు తోటలో మంచం మీద కూర్చుని గడ్డం చేయించుకుంటుంటే కత్తి లాగి, చెవి కింద నెత్తుటి చుక్క పడింది. ఆయన తుడుచుకుని ఊరుకునేవాడే. పక్కనే పెద్దకొడుకు ఉన్నాడు. మద్రాసులో చదివి వచ్చి, అద్దం ముందు నిలబడి బ్లేడుతో తన గడ్డం తానే గీసుకునేవాడు. అతని పెళ్లి మాఘమాసంలో. పెళ్లికొడుకుని చేసే రోజున బెజవాడ నుంచి సెలూను మనిషిని పిలిపిద్దామని అక్కడికక్కడే అన్నాడట.

షావుకారు కాదనలేదు, అవుననలేదు. నాన్నతో మాత్రం చెప్పాడు: "పెళ్లికొడుకుని చేసేనాడు నువ్వే రా. మా వాడి మొహాన ఒక్క గాటు పడిందో, ఇక మా గుమ్మం నువ్వూ ఎక్కొద్దు, నీ కొడుకులూ ఎక్కొద్దు."

ఆ ఒక్క గుమ్మంతో ఆగేది కాదని నూజివీడులో అందరికీ తెలుసు. పెళ్లిపీట మీద నెత్తురు చూపించిన మంగలిని ఇంకో షావుకారు పిలవడు.

నేను సెలవులకి వచ్చేసరికి ఇల్లు ఈ స్థితిలో ఉంది. నాన్న అరుగు మీద ఆ పలచని రాయిని ఇటూ అటూ తిప్పి చూసుకుంటున్నాడు. అమ్మ నోరు మెదపడం లేదు. రాయి ఆవిడది కదా. పాతికేళ్లు మంచిగా పనిచేసినందుకు ఎవరూ ఏనాడూ మెచ్చుకోలేదు, ఇప్పుడు పాడైందనేసరికి తప్పంతా ఆవిడదైంది.

ఆ మాట పైకి అనడానికి ఆగిరిపల్లి నుంచి మేనత్త రానే వచ్చింది. నాన్నకి అక్క. వెంట మావయ్యా వచ్చాడు. ఆయనా క్షురకుడే. కత్తి చేతిలో ఉన్నంతసేపూ సింహం, అత్త ఎదురుగా ఉన్నంతసేపూ మేక. అత్త వస్తూనే సంచిలోంచి నల్లటి రాయి తీసి అరుగు మీద పెట్టింది. తిరునాళ్లలో కొన్నదట. నున్నగా, నిగనిగలాడుతూ, అద్దంలా ఉంది.

"కోడలి రాయి చచ్చిపోతే ఆడపడుచు రాయి దిగాలి. మన ఇళ్లల్లో ఉన్నదే. ఇందులో కొత్తేం లేదు," అంది అమ్మ వైపు చూస్తూ.

అమ్మ తలొంచుకుంది. నాకు తలొంచుకోవడం చేతకాదు. ఆ నల్లరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి బొటనవేలితో రుద్దాను. కొన్న రాయి ఎలా పనికొస్తుంది, కొనకూడదన్న నియమం కోడలికేనా, ఆడపడుచుకి లేదా అని అడిగాను. పైకి కనిపించే నునుపు రాయిది కాదనీ, అమ్మేవాడు నూనె పూసి మెరుగు పెట్టాడనీ అన్నాను. నూనె కింద ఏముందో నూనె వదిలాక గాని తెలియదు. కావాలంటే అమ్మ పుట్టింటి ఊరు వెళ్లి ఆ వాగు ఒడ్డునే ఇంకో రాయి నేను ఏరుకొస్తానన్నాను.

ఆ మాట మా ఇళ్లల్లో చిన్నది కాదు. ఎందుకంటే, పెళ్లికాని ఆడపిల్ల రాయి ఏరితే అది అత్తారింటికి తీసుకుపోవాలి. పుట్టింట్లో ఉంచితే ఆ రాయితో పాటు పిల్లా పుట్టింట్లోనే ఉండిపోతుందని మావాళ్ల భయం.

"చదువుకున్నదానివి, నీకు తెలియదు. కూతురు రాయి ఈ ఇంటికి పనికిరాదే," అంది అత్త.

"నువ్వు ఈ ఇంటి కూతురివి కాదా అత్తా? నీ రాయి పనికొస్తే నాదెందుకు పనికిరాదు?"

"నాకు పెళ్లయింది."

"రాయికి కాలేదుగా."

మావయ్య పక్కకి తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని అత్తకి తెలుసు. నాన్న మాత్రం నవ్వలేదు. వెళ్లి రండి అన్నాడు అమ్మతో.

నేనూ అమ్మా బొగ్గుతో నడిచే బస్సులో చాట్రాయి వెళ్లాం. అటు నైజాం సరిహద్దు గొడవలు అప్పుడప్పుడే సద్దుమణిగాయి, బస్సు నిండా ఆ కబుర్లే. అక్కడి నుంచి నడక. దారి పొడుగునా మామిడితోటలు పూత మీదున్నాయి. ప్రతి తోటలోనూ ఎవరో ఒక వర్తకుడు తలపైకెత్తి కొమ్మలు చూస్తూ, కాపు ఎంత నిలుస్తుందా అని మనసులో బేరం ఆడుకుంటున్నాడు. మేము మాత్రం నేల చూస్తూ నడిచాం.

వాగు అడుగున దొర్లిన గులకరాళ్ల జోలికి అమ్మ పోలేదు. నీళ్లలో దొర్లిన ప్రతి రాయీ నున్నగానే ఉంటుంది, అది నీళ్ల గొప్పే గాని రాయి గొప్ప కాదంది. ఒడ్డు కోసుకుపోయిన చోట పొరలు పొరలుగా పలకరాయి బయటపడి ఉంటుంది. అక్కడ వెతకాలి. పొర ఊడదీసి, పిడికిలితో కొట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది, లోపల పగులుంటే బొంగురుగా పలుకుతుంది. తర్వాత తడిపి, అదే జాతి చిన్న ముక్కతో రుద్దితే పాలలాంటి బురద వస్తుంది. ఆ పాలు వేలికి తీసుకుని ముందుపళ్ల మధ్య పెట్టి నమలాలి. వేలికి మెత్తగా తగిలింది కూడా పంటికి కరకరమంటుంది. కరకరమంటే పారెయ్యాలి. పిండిలా జారిపోయినా పారెయ్యాలి. ఉందా లేదా అన్నట్టు సన్నగా పలికితే అదీ రాయి.

అమ్మ రెండు మూడు నమిలి, ఉమ్మేసి, బండ మీద చతికిలబడింది. "నా పళ్లు వక్కతో అరిగిపోయాయే. నాకిప్పుడు ఇసకా పిండీ ఒకటే. నువ్వు నములు."

అప్పుడు నాకర్థమైంది. నన్ను ఊరికే తోడు తీసుకురాలేదు. అరుగు మీద ఒక్క మాటా అనకుండా కూర్చున్న మనిషి, ఈ పని నాచేతే చేయించాలని అక్కడే అనుకుంది. నా తెలివి అంతా ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లకి నేను ఎప్పుడూ ఇదే చెబుతాను, కాలేజీ పేరు తర్వాత చెబుతాను.

మధ్యాహ్నం దాకా రాళ్లు నమిలాను. చివరికి రెండు మిగిలాయి. ఒకటి అమ్మకి నచ్చింది. మందంగా, నలుచదరంగా, ముప్పై ఏళ్లు వచ్చేలా ఉంది. రెండోది నాకు నచ్చింది. కురచది, ఒక మూల విరిగి అందవికారంగా ఉంది. రెండూ పంటికి ఒకేలా పలికాయి.

ఇక్కడ మా ఇద్దరికీ గొడవైంది. మందం ఉంటే మన్నిక అని అమ్మ. నీ పాత రాయికీ మందం ఉండేది, ఆ మందంలోనే కదా చార దాక్కుంది అని నేను. బళ్లో పలక తుడుచుకున్న ప్రతివాళ్లూ ఎరిగిన సంగతి ఒకటుంది. పలకంతా ఆరిపోయాక కూడా పగులున్న చోట తడి గీత మిగిలిపోతుంది. అందుకని రెండు రాళ్లనీ అన్ని పక్కలా తడిపి నీడలో నిలబెట్టాను. తడిగా ఉన్నప్పుడు ఏ రాయైనా అందంగానే కనిపిస్తుంది, ఆరుతున్నప్పుడు చూడమన్నాను. అమ్మ చెంగుతో విసురుకుంటూ కూర్చుంది. చదరపు రాయి పక్క భాగం తెల్లబడింది. మధ్యలో మాత్రం దారమంత నల్లటి గీత ఆరకుండా నిలిచింది, వంకరగా లోపలికి పోతూ. నాది అంతటా ఒకేలా ఆరింది.

అమ్మ తన రాయిని చేతిలోకి తీసుకుని ఆ గీతని చాలాసేపు చూసింది. "నా పెళ్లికి ముందు నేను ఆరేదాకా ఆగలేదు," అని దాన్ని వాగులోకి విసిరేసింది.

తిరిగి వస్తూ దారిలో మాత్రం భయపడింది. రాయి తానే ఏరానని చెబుతానంది. నాకు పెళ్లి కాదన్న మాట అత్త నోట రావడం ఆవిడకి ఇష్టం లేదు. నేను ఒప్పుకోలేదు. నెత్తుటి చుక్క పడితే నా రాయి అని చెప్పడానికి నేను సిద్ధం, పడకపోయినా నా రాయే అన్నాను. "ఈ నోటితో నిన్ను ఎవడు చేసుకుంటాడే," అంది అమ్మ. అన్నదే గాని, రాయిని తన చెంగులో కాక నా చెంగులోనే కట్టింది.

ఇంటికొచ్చాక దాన్ని బండ మీద ఇసక, నీళ్లు పోసి రుద్ది చదును చేసేసరికి నాన్న చేతులు వాచిపోయాయి. అత్త ఇంకా ఊరు వెళ్లలేదు. వెళ్తుందని నేనూ అనుకోలేదు. తన నల్లరాయిని కాదంటే ఊరంతా చెప్పుకుంటుందని నాన్నకీ తెలుసు. అందుకే ఆయన వాదించలేదు. ఒకేలాంటి రెండు కత్తులు తీసి, ఒకటి అత్త రాయి మీద, ఒకటి నా రాయి మీద నూరాడు. తర్వాత మావయ్య వైపు చూసి, "బావా, ఇలా కూర్చో," అన్నాడు.

మావయ్యకి నాలుగు రోజుల గడ్డం ఉంది. పారిపోవడానికి దారి లేదు. ఎడమచెంప అత్త రాయి కత్తితో, కుడిచెంప నా రాయి కత్తితో చేశాడు నాన్న. అంతా అయ్యాక అత్త నడుం మీద చేతులు పెట్టుకుని, ఎలా ఉందో చెప్పమంది.

"రెండూ బానే ఉన్నాయి," అన్నాడు మావయ్య ఎటూ చూడకుండా. ఆయన కాపురం ఆయనది.

నాన్న పటికముక్క తడిపి ముందు కుడిచెంపకి రాశాడు. మావయ్య కళ్లు మూసుకుని హాయిగా కూర్చున్నాడు. తర్వాత ఎడమచెంపకి రాశాడు. మావయ్య పీట మీద నుంచి జానెడు లేచి, "ఓరి నాయనో" అన్నాడు. పచ్చిచర్మం పటిక దగ్గర అబద్ధం ఆడలేదు. మొగుడు ఆడినా చర్మం ఆడలేదు.

అత్త చాలాసేపు మావయ్యనే చూసింది, రాళ్ల వైపు చూడలేదు. ఆ రాత్రి ఆయన భోజనం ఎలా సాగిందో నేను అడగలేదు. "సరే, పదునుందనుకో. రేపు దీని పెళ్లి ఆగిపోతే ఆ పదును నాకుతావా?" అంది నాన్నతో. నాన్న కత్తులు తుడిచి పొదిలో పెట్టుకున్నాడు. అత్త రాయి మీద నూరిన కత్తిని విడిగా పెట్టాడు.

పెళ్లికొడుకుని చేసే రోజు మేమంతా వెళ్లాం. పారాణి పెట్టడానికి అమ్మ, అమ్మకి సాయంగా నేను. షావుకారి పెరట్లో తాటాకు పందిరి, పక్కనే తోట, పూతవాసన తల తిరిగేలా ఉంది. అత్త కూడా వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పలేదు. పీట మీద పెళ్లికొడుకు దవడలు బిగించుకుని కూర్చున్నాడు. సబ్బు లేదా అని అడిగాడు. నీళ్లు చాలు బాబూ అని నాన్న వేళ్లతో గడ్డాన్ని తడిపి తడిపి మెత్తబరిచాడు. షావుకారు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆడవాళ్లు పాట ఆపేశారు.

కొత్తచేటలో బియ్యం జారినట్టు సన్నటి చప్పుడు. అంతే. నేను పందిరిగుంజ పట్టుకుని నాన్న చేతిని కాదు, పెళ్లికొడుకు పాదాలను చూస్తున్నాను. కత్తి లాగితే ముందు కాలివేళ్లు ముడుచుకుంటాయి. చెవి కిందకి కత్తి వచ్చినప్పుడు అమ్మ పారాణి గిన్నె కింద పెట్టేసింది. ఆ కాలివేళ్లు ముడుచుకోలేదు. గొంతు మీద, గడ్డం గుంటలో, మీసం అంచున, ఎక్కడా ముడుచుకోలేదు. పటిక రాస్తుంటే అతను మంట కోసం ఎదురుచూస్తూ కళ్లు చికిలించాడు. మంట రాలేదు. చేత్తో చెంపలు రెండూ తడుముకున్నాడు.

"కత్తి మార్చావా?" అని అడిగాడు నాన్నని.

"కత్తి మా నాన్నదేనండి. రాయి మారింది."

"ఎక్కడ కొన్నావు?" అన్నాడు షావుకారు.

నాన్న కత్తిని మడిచి లేచి నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఆయన నిటారుగా నిలబడి మాట్లాడ్డం నేను చూడ్డం అదే మొదటిసారి. "కొన్నది కాదండి. మా అమ్మాయి ఏరింది. బి.ఏ. చదువుతోంది."

పందిట్లో అందరూ విన్నారు. అత్త కూడా విన్నది. షావుకారి తల్లి నా వైపు తిరిగి, బి.ఏ. చదివి రాళ్లేరడమేమిటే అని నవ్వింది.

"చదవకపోయినా ఏరేదాన్నేనండి. చదివాను కాబట్టి ఎలా ఏరానో మీకు అర్థమయ్యేలా చెప్పగలను కూడా," అన్నాను.

అమ్మ నా జబ్బ గిల్లింది. నాన్న గిల్లలేదు, వారించలేదు. పొది సర్దుకుంటూ తనలో తాను నవ్వుకోవడం నేను చూశాను. ఆ గుమ్మం మాకు మూసుకోలేదు. ఇప్పటికీ ఆ ఇంటికి మా పెద్దన్న వెళ్తాడు.

ఇంటికొచ్చాక అత్త ఆఖరి ప్రయత్నం చేసింది. పనైపోయింది కనుక ఆ రాయిని నా పెట్టెలో పెట్టెయ్యమంది, ఎప్పుడో నాతో పాటు పోతుందని. "ఇది ఇంట్లోనే ఉంటుంది అక్కా. పిల్ల ఎక్కడికి వెళ్లినా దాని నోరు దానికి చాలు," అన్నాడు నాన్న. మా నాన్న జీవితంలో నన్ను రెండుసార్లు మెచ్చుకున్నాడు. రెండూ ఒకే రోజున.

నాకు పెళ్లయింది. బ్లేడుతో గీసుకునే మనిషి దొరికాడు, వారానికొకసారి కోసుకుంటాడు, నేను పటిక రాస్తాను. మా పెళ్లిలో అందరికంటే ఎక్కువ తిన్నది అత్తే.

ఆ తర్వాత కొన్నాళ్లకి తన చిన్నకూతురికి సంబంధం కుదిరిందని చెప్పడానికి వచ్చి, వెళ్లకుండా గుమ్మంలో నిలబడింది. నల్లరాయి సంగతి ఎత్తలేదు. వాగు దగ్గరికి పిల్లని తీసుకెళ్తున్నానంది. "రాయి అదే ఏరుకుంటుంది. నువ్వు పక్కన నిలబడు చాలు. నోరు మాత్రం మూసుకో."

వెళ్లాను. పిల్ల ఏరింది, పిల్ల నమిలింది, ఆరేదాకా నీడలో పెట్టింది. నోరు మూసుకోవడం మాత్రం నావల్ల కాలేదు.